తొట్టిగదిలో గాలి

యాకోబు నోరు విప్పితే బయటపడతాడు. విప్పడం లేదు. బాపట్ల స్టేషన్ వెనక గదిలో గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఏం అడిగినా ఒకటే మాట.

"పాపం నాదేనక్కా."

ఆ మాట నా దగ్గర అంటే ఫరవాలేదు. నిన్న సాయంత్రం సీఐ శ్రీనివాసరావు దగ్గర కూడా అదే అన్నాడు. పోలీసు చెవికి అది నేరం ఒప్పుకోవడమే. రేపు ఆదివారమైనా ఆగరట, పొద్దున్నే మేజిస్ట్రేటు ఇంటికి తీసుకెళ్లి హత్య కేసు కింద హాజరుపరుస్తారట. ఒకసారి రిమాండుకి వెళ్లాడంటే ఇతన్ని బయటికి తేవడం నా వల్ల కాదు.

నా పేరు నిర్మల. తెనాలిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. డిటెక్టివ్ అంటే గొప్పగా ఉంటుంది గానీ, నాకు వచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. అబ్బాయి తాగుతాడా, జీతం చెప్పినంత ఉందా, ముందు ఎవరినైనా ప్రేమించాడా. అంతకుముందు పోలీసు క్లూస్ టీంలో చాలాకాలం చేశాను. ఆ సంగతి ఎవరు చెప్పారో, ఈ ఉదయం తలుపు తీసేసరికి యాకోబు భార్య కృపమ్మ నా మెట్ల మీద కూర్చుని ఉంది. మొదటి బస్సుకే వచ్చిందట. మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

"కోడిని కొయ్యమంటే పక్కింటాయన్ని పిలిచే మనిషక్కా మా ఆయన. ఓనర్ని చంపాడంటున్నారు."

ఓనరు పేరు రాఘవ. కర్లపాలెం దాటాక అతనికో తోట ఉంది. మట్టి లేకుండా నీళ్లలోనే ఆకుకూరలు పెంచే తోట. ఆ నీళ్లు నిలవుండే తొట్టి భూమిలో కట్టిన గదిలో ఉంటుంది. నిన్న, శుక్రవారం మధ్యాహ్నం, రాఘవ ఆ గదిలోకి దిగి మళ్లీ పైకి రాలేదు. అతని తల వెనక దెబ్బ ఉంది. అప్పుడక్కడ ఉన్నది యాకోబు ఒక్కడే. ముందురోజు ఇద్దరూ గట్టిగా గొడవపడటం కూలీలంతా విన్నారు. ఇంతకన్నా సుఖమైన కేసు ఏ సీఐకి దొరుకుతుంది?

"సరే, పాపం సంగతి పక్కన పెట్టు" అన్నాను యాకోబు ఎదురుగా కింద కూర్చుంటూ. "నిన్న ఏం జరిగిందో చెప్పు."

"ఎండెక్కాక తొట్టిగదిలోకి దిగి నీళ్లు చూడాలక్కా. పంపు చూడాలి, జల్లెడ కడగాలి. నిన్న నేను ఉపవాస ప్రార్థనలో ఉన్నా. కళ్లు తిరుగుతున్నాయంటే, నువ్వు కూర్చోరా, నేను చూసొస్తా అన్నారు రాఘవ బాబు గారు."

అంతవరకు చెప్పి ఏడ్చాడు.

"దబ్బుమని చప్పుడైంది. పిలిస్తే పలకలేదు. దిగాను. సగం మెట్లు దిగేసరికి ముక్కులో ఘాటుగా కొట్టింది."

"ఏం వాసన?"

"వాసన కాదక్కా. గోలీసోడా గటగటా తాగితే త్రేన్పు ముక్కులోకి ఎగదన్నుద్ది చూడండి, అట్టా. అంతే, ఒళ్లు తెలీలేదు. కళ్లు తెరిస్తే పైన గట్టు మీద ఉన్నా. కూలీలు కొక్కెం కట్టిన తాడేసి ఇద్దర్నీ లాగారంట. బాబు గారు అప్పటికే..."

"ఈ మాట సీఐకి చెప్పావా?"

"ఆయన గొడవ గురించే అడిగారు."

"గొడవ ఎందుకు?"

"పని మానేస్తానన్నా. ఎందుకురా అన్నారు. చెప్పలేదు. ఆయనకి కోపం వచ్చింది."

"నాకు చెప్పు."

యాకోబు తల అడ్డంగా ఊపాడు. "రేపు చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు చెప్తానక్కా. ముందు దేవుడి ఎదట, సంఘం ఎదట ఒప్పుకోవాలి. ఆ తర్వాత మీరు అడిగినా చెప్తా, సీఐ గారు అడిగినా చెప్తా."

నాకు ఒళ్లు మండింది. "రేపు నిన్ను జైల్లో వేస్తే సాక్ష్యం ఎక్కడ చెప్తావయ్యా? ఖైదీలకా?"

అయినా చెప్పలేదు. అంత మెత్తటి మనిషి అంత మొండిగా ఎలా ఉన్నాడో నాకు అర్థం కాలేదు.

బయట వేపచెట్టు కింద కృపమ్మను నిలదీశాను. భర్త ఏం ఒప్పుకోబోతున్నాడో ఆమెకూ తెలియదు. నీళ్ల విషయంలో ఏదో తప్పు చేశాననీ, దానివల్ల రేపల్లె వైపు వాళ్లెవరో నష్టపోతున్నారనీ మాత్రం అన్నాడట. రాత్రుళ్లు నిద్రపోవడం లేదట.

"నాకు భయమేసి స్త్రీల సమాజంలో ప్రార్థన మనవి పెట్టానక్కా. మా ఆయన ఆదివారం అందరి ముందూ ఒక సంగతి ఒప్పుకోవాలి, ధైర్యం వచ్చేలా ప్రార్థించండి అని. సింధమ్మ గారు లేచి ఎంత బాగా ప్రార్థన చేశారో. నా చేతులు పట్టుకుని, ఏంటమ్మా ఆ సంగతి అని కూడా అడిగారు. నీళ్ల సంగతంట అమ్మగారూ, నాకూ తెలీదు అన్నా."

వాళ్ల సమాజంలో ఇది మామూలే. ఇంట్లో జ్వరం వచ్చినా, పిల్లాడు పరీక్ష తప్పినా నలుగురి ముందూ పెట్టి మోకరిస్తారు. మనసు తేలికపడుతుంది. నేను తల ఊపి సీఐ జీపు వైపు నడిచాను.

శ్రీనివాసరావు, నేను ఒకే బ్యాచ్. క్లూస్ టీంలో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నవాళ్లం. వేలిముద్రలు నేను తీస్తే పేరు తను కొట్టేసేవాడు. ఆ లెక్క మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు.

"ఏంటి నిర్మలా, అబ్బాయి మంచోడేనా? పిల్లనివ్వొచ్చా?" అన్నాడు జీపులో.

"తల మీద దెబ్బ ఎందుకు తగిలింది?"

"కొట్టాడు గనక."

"దేంతో?"

"దొరుకుతుందిలే."

"కొట్టినవాడు తనూ అక్కడే ఎందుకు పడిపోయాడు?"

"నటన."

"కూలీలు లాగినప్పుడు నోట్లోంచి నురగ వస్తోందట. అది కూడా నటనేనా?"

శ్రీనివాసరావు నా వైపు తిరిగాడు. "చూడు, నిన్ను రానివ్వడమే ఎక్కువ. పాత స్నేహం కొద్దీ తీసుకెళ్తున్నా. చూసి, దణ్ణం పెట్టుకుని, నీ తెనాలి బండెక్కెయ్. సరేనా?"

తోట గేటు దగ్గర రాఘవ భాగస్వామి అజయ్ బాబు ఎదురొచ్చాడు. నలభై లోపు మనిషి, తెల్ల చొక్కా, మెత్తటి మాట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాకు కుర్చీలు వేయించాడు, కొబ్బరినీళ్లు తెప్పించాడు.

"యాకోబు మా ఇంట్లో మనిషి మేడమ్. వాడు ఇంత పని చేశాడంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు" అన్నాడు. కాస్త ఆగి, "కానీ గొడవైతే నిజమేనండి. నేను కూడా విన్నాను" అని కలిపాడు.

పక్కనే ఉన్న అమ్మాయి స్నేహ. వ్యవసాయం చదివి, ఇక్కడ మొక్కల పోషణ చూస్తోంది. వలపందిరి కింద బారులు తీరిన పైపుల్లో లెట్యూస్ ఆకులన్నీ వడలి వాలిపోయాయి. ఒక మొక్కను ఎత్తి చూశాను. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి జిగటగా ఉన్నాయి.

"ఊపిరాడక మేడమ్" అంది స్నేహ. "వేళ్లకి కూడా ఆక్సిజన్ కావాలి. ఇక్కడ నీళ్లలోంచే తీసుకోవాలి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ నిలవదు. అందుకే తొట్టి భూమిలో కట్టించారు, చల్లగా ఉంటుందని. దానికి తోడు మా మిషన్ ఉంది."

"ఏం మిషన్?"

అజయ్ బాబు అందుకున్నాడు. "నేను తయారుచేయించిన మిషనండి. మామూలు గాలిని సన్నటి బుడగలుగా నీళ్లలోకి పంపి ఆక్సిజన్ రెట్టింపు చేస్తుంది. రేపల్లె రొయ్యల రైతులు వరసగా వచ్చి చూసి వెళ్తున్నారు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే పంట మొత్తం పోద్ది కదండి. వాళ్ల ముందే మీటరు పెట్టి చూపిస్తాం. చాలామంది అడ్వాన్సులు కూడా ఇచ్చారు."

తొట్టిగది పందిరి చివర ఉంది. నేల మీద ఇనప మూత, దాని మీద పోలీసు సీలు. సీలు తీయించి మూత ఎత్తించారు. సిమెంటు మెట్లు నిటారుగా చీకట్లోకి దిగి ఉన్నాయి. కిందనుంచి చల్లదనం వచ్చి పాదాలకు తగిలింది.

"నిన్న పంచనామా ఎక్కడ నిలబడి రాశావు?" అని అడిగాను.

"ఇక్కడే. శవం పైకి తెచ్చేశారు కదా."

"కిందికి ఎవరూ దిగలేదా?"

"కానిస్టేబుల్ రెండు మెట్లు దిగాడు. తలనొప్పన్నాడు. ఎండదెబ్బ. ఫొటోలు పైనుంచే తీయించి సీలు వేశాను."

నాకు నూతులన్నా గోతులన్నా చిన్నప్పటినుంచీ భయం. మా పెదనాన్న పాడుపడ్డ బావిలో మోటారు తీయడానికి దిగి పోయాడు. ఆయన్ని తీయడానికి దిగిన పాలేరూ పోయాడు. అప్పటినుంచి మా ఊళ్లో ఎవరు దిగినా ముందు లాంతరు దింపి చూసేవాళ్లు. దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. ఆ రోజు బావి గట్టున పెద్దమ్మ పెట్టిన కేకలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

స్నేహతో ఒక బకెట్, తాడు, కొవ్వొత్తి తెప్పించాను. కొవ్వొత్తిని వెలిగించి బకెట్ అడుగున అతికించి నెమ్మదిగా దింపాను.

"పూజా?" అన్నాడు శ్రీనివాసరావు. కానిస్టేబుళ్లు నవ్వారు.

మూడు మెట్ల లోతు దాకా కొవ్వొత్తి బాగానే వెలిగింది. ఇంకాస్త దింపాను. మంట చిన్నదై, వంకర తిరిగి, ఆరిపోయింది. పైకి లాగి మళ్లీ వెలిగించాను. మళ్లీ అక్కడే ఆరిపోయింది. కింద గాలి ఆడటం లేదు, అయినా ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

"శ్రీనూ, మూత దగ్గరనుంచి అందరూ వెనక్కి రండి."

"గాలికి ఆరింది."

"కింద గాలి ఎక్కడిది?"

"నువ్వు పెళ్లిళ్లు చూసుకో నిర్మలా. క్రైం సీను నేను చూసుకుంటా" అంటూ టార్చి తీసుకుని దిగాడు.

"దిగొద్దు!"

నేను అరిచేసరికే నాలుగో మెట్టు మీదున్నాడు. కింద ఏదో చూడటానికి వంగాడు. టార్చి చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. వెనక్కి తిరగబోయాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. మోకాళ్లు ముడుచుకుపోయాయి.

ఆ క్షణంలో నాకు పెదనాన్నా పాలేరూ ఇద్దరూ గుర్తొచ్చారు. దిగితే నేనూ పోతాను, దిగకపోతే ఇతను పోతాడు. ఊపిరి బిగబట్టి రెండు మెట్లు దిగి శ్రీనివాసరావు బెల్టు పట్టుకున్నాను. కానిస్టేబుల్ నా నడుం పట్టుకున్నాడు, స్నేహ అతన్ని పట్టుకుంది. అంత బరువు ఎలా లాగామో తెలియదు. పైకొచ్చి పడ్డాక ఒక్కసారి ఊపిరి తీశాను. సోడా త్రేన్పు వచ్చినట్టు ముక్కులో ఘాటుగా తగిలింది. యాకోబు చెప్పిందీ ఇదే.

శ్రీనివాసరావు గట్టు మీద బోర్లా పడి దగ్గాడు, వాంతి చేసుకున్నాడు. కానిస్టేబుల్ అతని మొహాన నీళ్లు చల్లాడు. అజయ్ బాబు మాత్రం ఇంత గొడవలోనూ తను నిలబడ్డ చోటునుంచి కదల్లేదు. అందరికన్నా దూరంగా, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. భయపడ్డాడనుకున్నాను.

"నాలుగు మెట్లకే నీ గతి ఇది" అన్నాను శ్రీనివాసరావుతో. "కింద ఇలా ఉందని తెలిసినవాడైతే ఓనరు కోసం సగం మెట్లు దిగుతాడా? రాఘవని ఎవరూ కొట్టలేదు. పడిపోయాడు, మెట్టు తగిలింది. యాకోబు కాపాడబోయి చావు తప్పించుకున్నాడు. అతన్నా నువ్వు రేపు హాజరుపరిచేది?"

శ్రీనివాసరావు మూతి తుడుచుకున్నాడు. ఫోను తీసి స్టేషనుకి కలిపాడు.

"ఆ యాకోబుని వదిలెయ్యండి. అవును, ఇప్పుడే. యాక్సిడెంట్ కేసు. చెడుగాలి."

నా గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. కృపమ్మ మొహం కళ్లముందు మెదిలింది.

"వదిలేస్తున్నారా సార్? దేవుడి దయ" అన్నాడు అజయ్ బాబు చేతులు జోడించి. "నాకు ముందునుంచీ తెలుసండి వాడు మంచోడని. శవాన్ని ఇచ్చేస్తారేమో కనుక్కోవాలి, ఆసుపత్రి దాకా వెళ్లొస్తాను." కారు ధూళి రేపుకుంటూ వెళ్లిపోయింది.

గదిలో గాలి లాగే ఫ్యాన్ ఉంది. దాని స్విచ్ మూత పక్కనే, పైన ఉంది. ఆపేసి ఉంది.

"ఇదెప్పుడూ ఆపం మేడమ్" అంది స్నేహ. "రాత్రీ పగలూ తిరగాల్సిందే. యాకోబైతే దీని చప్పుడుకి అలవాటుపడి, ఉందో లేదో పట్టించుకోకుండానే దిగిపోతాడు. నిన్న ఎవరు ఆపారో..."

"రాఘవకి చప్పుడు లేదని తెలీలేదా?"

ఆమె స్విచ్ వైపు చెయ్యి చాచింది.

ఫ్యాన్ వేశాం. చాలాసేపు తిరగనిచ్చాం. మధ్య మధ్యలో కొవ్వొత్తి దింపుతూనే ఉన్నాను. ఎండ పందిరి ఈ చివరనుంచి ఆ చివరకు జరిగాక గానీ మంట అడుగుదాకా నిలవలేదు. అప్పుడు కూడా నా కాళ్లు ముందుకు పడలేదు. నడుముకు తాడు కట్టించుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి చూసుకుంటూ దిగాను. వెనక స్నేహ, ఆమె వెనక శ్రీనివాసరావు. ఈసారి జోకులు వేయలేదు.

కింద గది చిన్నది. మూత వేసిన సిమెంటు తొట్టి. దాని పక్కన అజయ్ బాబు మిషను, బీరువా అంత స్టీలు పెట్టె. మూలలో ఒక గ్యాస్ సిలిండరు.

"ఇదెందుకు?"

"ఆక్సిజన్ మేడమ్. కరెంటు పోయి పంపులు ఆగితే మొక్కలు చచ్చిపోకుండా నీళ్లలోకి వదలడానికి. వాడేది తక్కువ."

సిలిండరు ఒళ్లంతా నలుపు, మెడ మీద తెలుపు. ఆసుపత్రుల్లో చూసే రంగే. మీద ఉన్న ప్రెషరు గడియారం సున్నా చూపిస్తోంది. వాల్వు తెరిచే ఉంది.

"ఇది మొత్తం ఖాళీ అయింది. అంత ఆక్సిజన్ నీళ్లలోకి వెళ్తే మీ మీటరు ఏం చూపించాలి?"

"మీటరు పట్టలేనంత పెరగాలి మేడమ్."

"పెరిగిందా?"

స్నేహ ఫోను తీసి చూసింది. తొట్టిలో మీటరు కొలిచినదంతా ఆ ఫోనులోకి వస్తుందట. "పెరగలేదు. నిన్న పొద్దుటినుంచి తగ్గుతూ వచ్చింది. సగానికి సగం. నీళ్లు కూడా ఆమ్లం పెరిగి బాగా పులిశాయి. మొక్కలకి కలిపే మందు ఎక్కువ పడిందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఈ గొడవలో..."

నేను సిలిండరు మెడ మీద గోటితో గీరాను. తెల్లరంగు పొరగా లేచి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి పెయింటు వాసన. అడుగున ఉన్నది నలుపు. వాల్వు దగ్గర మామూలుగా ఉండని ఇత్తడి జాయింటు ఒకటి కొత్తగా మెరుస్తోంది. ఈ సిలిండరుకీ ఈ గొట్టానికీ కుదరక మధ్యలో దాన్ని బిగించారు.

"తెనాలిలో మా వీధి చివర సోడా కొట్టుంది" అన్నాను శ్రీనివాసరావుతో. "అక్కడుండే సిలిండరు ఇలాగే ఉంటుంది. మెడతో సహా నలుపు. ఇందులో ఉన్నది ఆక్సిజన్ కాదు. సోడాలో కలిపే గ్యాసు. గాలికన్నా బరువు, వదిలితే ఇలాంటి గోతిలో అడుగునుంచి నిండుకుంటూ వస్తుంది. ఫ్యాన్ ఆపేస్తే ఎటూ పోదు. కొంత నీళ్లలో కలిసింది, అందుకే నీళ్లు పులిశాయి. మిగతాది గదిలో నిండింది."

"అయితే యాక్సిడెంట్ కాదు" అన్నాడు శ్రీనివాసరావు.

"మెడకి రంగు ఎవరో తీరిగ్గా వేశారు. ఇది యాక్సిడెంట్ ఎలా అవుతుంది?" స్నేహ వైపు తిరిగాను. "ఈ సిలిండరు ఎవరు తెచ్చారు?"

"అజయ్ బాబు గారే. నిన్న పొద్దున్నే ట్రాలీ ఆటోలో తెచ్చి, తనే దగ్గరుండి దింపించారు. ఇవాళ రేపల్లె రైతులకి డెమో ఉంది, పాత సిలిండరులో గ్యాసు తక్కువుందన్నారు."

"డెమో మిషనుకి కదా? మిషను మామూలు గాలితోనే నడుస్తుందన్నాడు. డెమోకి సిలిండరు ఎందుకు?"

నేను సిలిండరు గొట్టం పట్టుకుని దాని వెంట వెళ్లాను. అది తొట్టిలోకి వెళ్లడం లేదు. గోడ వారన, అట్టపెట్టెల వెనక నుంచి మిషను వెనక్కి వెళ్లి, కింది రేకులో ఒక కన్నంలోకి దూరింది. రేకు ఊడదీయించాను. లోపల మోటారుకి మామూలు గాలి వెళ్లే దారి పక్కనే ఈ గొట్టం కలిపి ఉంది. రైతులు పైన నిలబడి మీటరు చూస్తుంటే, కింద ఒకడు వాల్వు తిప్పుతాడు. నీళ్లలో ఆక్సిజన్ ఎగబాకుతుంది. రైతులు మిషను గొప్పదనుకుంటారు. చెరువు గట్టుకి తీసుకెళ్లాక అది ఉత్త మోటారు. రొయ్యలు చస్తాయి.

"వాల్వు తిప్పేది ఎవరు?" అన్నాను. అడుగుతుండగానే నాకు జవాబు తెలిసిపోయింది.

"యాకోబు" అంది స్నేహ. "డెమో ఉన్నప్పుడల్లా అతన్ని కిందికి పంపేవారు. పంపు చూడటానికి అనుకునేదాన్ని."

అదీ అతని పాపం. రేపు సంఘం ముందు ఒప్పుకోవాలనుకున్నది అదే.

శ్రీనివాసరావు గోడకి చెయ్యి ఆనించాడు. "అంటే, ఈ మోసం రాఘవకి తెలిసిపోయింది. అందుకని అజయ్ బాబు చంపేశాడు."

"రాఘవకి తెలిస్తే యాకోబు పని మానేస్తానన్నప్పుడు ఎందుకని అడగడు కదా." నా మాట నాకే కొత్తగా వినపడింది. "స్నేహా, రాఘవ ఈ గదిలోకి రోజూ దిగేవాడా?"

"లేదు మేడమ్. మోకాళ్ల నొప్పులు, ఈ మెట్లు దిగలేరు. నేను చేరాక ఎప్పుడూ దిగలేదు. రోజూ మధ్యాహ్నం యాకోబే."

ఫ్యాన్ చప్పుడు తెలియనిది రాఘవకి, ఎందుకంటే ఆయనకి ఈ గది అలవాటే లేదు. ఇక్కడికి దిగాల్సింది యాకోబు. ఉపవాసం వల్ల అతని బదులు ఓనరు దిగాడు. లేదంటే ఈ పాటికి యాకోబుని పూడ్చిపెట్టి ఉండేవాళ్లు, గుండెపోటు అనుకునేవాళ్లు, ఆదివారం సాక్ష్యం ఉండేది కాదు.

సాక్ష్యం సంగతి ఎవరికి తెలుసు? కృపమ్మ స్త్రీల సమాజంలో చెప్పింది. ఒకామె ఆమె చేతులు పట్టుకుని ఏ సంగతని ఆరా తీసింది.

"సింధమ్మ అంటే ఎవరు?"

"అజయ్ బాబు గారి మిసెస్ కదా మేడమ్" అంది స్నేహ.

మేము యాకోబుని కాపాడలేదు. లాకప్పులో క్షేమంగా ఉన్నవాడిని రోడ్డు మీదికి పంపాం. ఆ మాట శ్రీనివాసరావు చెప్పింది అజయ్ బాబు ఎదుటే. నేనే చెప్పించాను.

తాడు కాళ్లకు తట్టుకుంటున్నా చూసుకోకుండా మెట్లెక్కాను. కింద సిగ్నల్ లేదు. పైకి రాగానే శ్రీనివాసరావు స్టేషనుకీ, నేను కృపమ్మకీ ఒకేసారి ఫోన్ చేశాం. నా ఫోను చాలాసేపు మోగింది. ఎత్తారు.

"కృపమ్మా, ఎక్కడున్నారు? స్టేషను దాటి బయటికి రావద్దు. అజయ్ బాబు వస్తే అతని వెంట వెళ్లొద్దు. రాఘవ కోసం కాదు, యాకోబుని చంపడానికే ఆ గ్యాసు పెట్టాడు. వింటున్నావా? సిలిండరు దొరికింది, అంతా తెలిసిపోయింది."

అవతల మాట లేదు. కారు నడుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. అప్పుడు తట్టింది, ఫోను ఎత్తినవాళ్లు ఇంతవరకు హలో కూడా అనలేదని.

శ్రీనివాసరావు వెనకనుంచి నా భుజం పట్టుకున్నాడు. "నిర్మలా, కాగితాలన్నీ అయ్యి ఇందాకే వదిలారంట, ఇంకో ఓనరు గారే వచ్చి ఇద్దర్నీ కారెక్కించుకుని వెళ్లారంట..."

"నేనే మేడమ్, అజయ్ బాబుని" అంది ఫోను, అదే మెత్తటి గొంతుతో. "కృపమ్మ ఫోను చార్జింగ్ లేదంటే ముందు సీట్లో పెట్టాను. పాపం, ఇద్దరూ అలిసిపోయారు. రేపల్లెలో మా చెరువు దగ్గర గెస్టు హౌసుంది, అక్కడ దింపుదామని తీసుకెళ్తున్నా."

వెనక సీట్లోంచి యాకోబు గొంతు సన్నగా వినిపించింది. "ఎవరు బాబు గారూ?"

"నిర్మల మేడమ్ యాకోబూ. మనల్ని జాగ్రత్తగా వెళ్లమంటున్నారు."

"వందనాలు చెప్పండి బాబు గారూ" అన్నాడు యాకోబు. "ఆ అక్క వల్లే బయటికి వచ్చానని చెప్పండి."

ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది.